చలిలో ఆర్సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) కారు, 5వ పాఠం: ముందు ఆ ఫాయిల్ పీకెయ్యండి

ఈ వారం ఎక్స్‌పో, డ్యూయల్ రేట్ (స్టీరింగ్ ఎంత మెత్తగా, ఎంత మేర తిరగాలో రిమోట్‌లో పెట్టుకునే అమరికలు) చెప్పాల్సింది. అవి ఆరో పాఠానికి వెళ్ళాయి. కారణం, నాలుగో పాఠం చూసి రిమోట్‌కి చేతిసంచి (రిమోట్‌ని లోపల పెట్టి, చేతులు దూర్చి నడిపే సంచి) కుట్టుకున్నవాళ్ళ కార్లు కొన్ని పంట బోదెల్లోకి దిగాయి. "లోపల వేడి నిలిపే పొర వెయ్యండి" అని రాసి ఊరుకోవడం నా తప్పే. పాత దుప్పటి ముక్క అనాల్సింది. మీరేమో అల్యూమినియం ఫాయిల్ వేశారు.

మన రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ తరంగం అల్యూమినియంలో రెండు మైక్రాన్లు దిగేలోపే చాలావరకు చచ్చిపోతుంది. వంటింటి ఫాయిల్ మందం పది మైక్రాన్ల పైమాటే. అంటే రిమోట్‌ని రేకు డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. "ఇంటి ముందు బాగానే తిరిగిందండీ" అంటారు. తిరుగుతుంది. చేతులు దూర్చే కంతల్లోంచి కాస్త సిగ్నల్ కారుతుంది, పది గజాలకి అది చాలు. సార్వా కోసిన చేలోకి వెళ్ళి యాభై గజాలు వదిలారా, కారు మీ మాట వినదు. యాంటెన్నా ఒక్కటే బయటికి లాగితే సరిపోతుందా అంటే, చాలా రిమోట్లలో యాంటెన్నా పైకి కనబడనే కనబడదు, ప్లాస్టిక్ లోపలే ఉంటుంది. ఒక్క వైపే ఫాయిల్ వేస్తే? మీరు తిరిగినప్పుడల్లా ఆ వైపు కారుకి చీకటి. కాబట్టి ఫాయిల్ వద్దు, రేకు వద్దు, జరీ అంచున్న పాత చీర ముక్క కూడా వద్దు.

సంచికి బయటికి పాత గొడుగు గుడ్డ, లోపలికి ఉన్ని. పైన చూడ్డానికి అరచేతంత పారదర్శక షీటు. అంతే. మొత్తం పాలిథిన్‌తో కుట్టినవాళ్ళకి లోపల చెమ్మ పట్టి ఉంటుంది. కోనసీమ చలి 18, 20 డిగ్రీలకి మించి దిగడం తక్కువ. ధనుర్మాసం పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోయేది చలికన్నా తడికి. మంచుకి తడిసిన చెయ్యి ఏటిగట్టు గాలికి ఆరుతూ ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. చేతుల్లోకి ఊదుకోకండి, ఊపిరిలోనూ తడే. జేబులో పొడి తువ్వాలు ఉంచుకోండి.

గ్లవ్స్ నాకు పడవు. ట్రిగ్గర్ వేలికి గుడ్డ తొడిగితే బ్రేకు ఎక్కడ మొదలైందో తెలీదు. పాత మేజోడు పైభాగం నాలుగంగుళాలు కత్తిరించి మణికట్టుకి తొడుక్కోండి. అక్కడ రక్తనాళాలు చర్మం కిందే ఉంటాయి, మణికట్టు వెచ్చగా ఉంటే వేళ్ళు దారికొస్తాయి.

ఇనుప పొడి వేడి ప్యాకెట్లు కొన్నవాళ్ళు వాటిని కవర్లో చుట్టకండి. గాలి తగిలితేనే ఇనుము తుప్పుపట్టి వేడినిస్తుంది. ఆట అయిపోయాక మాత్రం గాలి నొక్కేసి జిప్ కవర్లో పెట్టండి, మిగిలింది రేపటికి పనికొస్తుంది. కొనకపోయినా నష్టం లేదు: ఆరిన గోదావరి ఇసుక రెండు గుప్పెళ్ళు పెనం మీద వేయించి నూలు గుడ్డలో మూటకట్టి చొక్కా జేబులో వేసుకోండి. కాపడానికి వాడే ఉప్పు వద్దు, చెమ్మ పీల్చి రిమోట్ బ్యాటరీ రేకుల్ని తినేస్తుంది. ఏ మూటా రిమోట్ బ్యాటరీ మూతకి ఆనకూడదు.

అభ్యాసం. కారుని ఇటుక మీద పెట్టి చక్రాలు గాల్లో ఉంచండి. సగం థ్రాటిల్ (వేగం) ఇచ్చి రిమోట్ ఆపండి. చక్రాలు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే కారు దానంతటదే ఆగే అమరిక) పెట్టలేదన్నమాట. అది పెట్టేదాకా చేలోకి వెళ్ళొద్దు. తర్వాత తోడు ఒకరిని తీసుకుని, సంచిలో చేతులుంచి, కారుని నూరు గజాల దూరంలో ఆపి స్టీరింగ్ ఇరవైసార్లు తిప్పండి. మీరు నాలుగు దిక్కులకీ తిరిగి ఒక్కో దిక్కున ఇరవై. తోడున్నవాళ్ళు ముందు చక్రాల్ని చూసి లెక్కపెట్టాలి. ఎనభైలో ఒక్కటి తప్పినా సంచి విప్పి మళ్ళీ కుట్టండి.