అటక సంగతి తర్వాత, ముందు గుమ్మం చూసుకోండి

ఇంట్లో సామాను తగ్గించాలి, చెత్త తగ్గించాలి, పిల్లలకి చిన్నప్పటి నుంచే అది అలవాటు చెయ్యాలి అనుకున్నవాళ్ళలో చాలామంది చేసే మొదటి పొరపాటు, ఓ ఆదివారం పొద్దున్నే అటకెక్కి ఉన్నదంతా కిందకి దించెయ్యడం. నేనూ అదే చేశాను. మధ్యాహ్నానికి హాల్లో నడవడానికి దారి లేదు, అత్తయ్యగారు ఒక్కో గిన్నె తీసి చూసి తన మంచం పక్కన పెట్టుకుంటున్నారు, చక్రం ఊడిన ట్రాక్టరు బొమ్మ దొరికిందని మా చిన్నాడు గంతులేస్తున్నాడు. సాయంత్రానికి దించినదాంట్లో ముప్పావు వంతు మళ్ళీ పైకెక్కింది, మిగిలిన పావు వంతు చోటు మూడు నెలల్లో కొత్త సామానుతో నిండిపోయింది. లోపలికొచ్చే దారి మూయకుండా అటక ఖాళీ చేస్తే అంతే మరి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వైపు ఇంట్లోకి సామాను షాపుల్లోంచి వచ్చేదానికంటే మర్యాదల్లోంచి వచ్చేది ఎక్కువ. గృహప్రవేశానికి వెళ్తే ప్లాస్టిక్ బుట్ట, వ్రతానికి వెళ్తే డబ్బా, ఓణీల ఫంక్షన్‌కి వెళ్తే ఇంకో డబ్బా, ఎవరింటికో కావిడి (సారె) వస్తే ఊరంతా పంచే స్వీట్లతో పాటు ఇంటికో కవరు. వద్దంటే ఏమనుకుంటారోనని తీసుకుంటాం, మన ఇంట్లో శుభకార్యమైతే మనమూ అవే ఇస్తాం. అందుకే గోదావరి జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు మర్యాద తగ్గకుండా సామాను తగ్గించడం ఎలాగో ముందు ఆలోచించుకోవాలి. లేకపోతే పిసినారి అన్న పేరు వారంలో వచ్చేస్తుంది, ఆ పేరొచ్చాక ఇంట్లోవాళ్ళే మీ మాట వినరు.

మొదటి నెల ఏమీ పారేయకండి, ఏమీ మార్చకండి. గోడకి పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉంటుంది కదా, అందులో ఏ రోజు గళ్ళో ఆ రోజు ఇంట్లోకి ఏమొచ్చిందో రాయండి. కూరగాయలు, సరుకులు వద్దు, నిలవ ఉండిపోయేవి మాత్రమే రాయండి. నెలాఖరున చూస్తే మీ ఇల్లు ఎక్కడ నిండుతోందో మీకే తెలుస్తుంది. మాకు తేలింది ఏంటంటే సగం ఫంక్షన్లలో ఇచ్చినవి, తర్వాత ఫోన్లో ఆర్డరు పెట్టినవి, తర్వాత పిల్లలకి చుట్టాలు తెచ్చిన బొమ్మలు.

ఫంక్షన్ల సంగతి ఇచ్చే వైపు నుంచి మొదలుపెట్టండి, తీసుకునే వైపు నుంచి కాదు. మన చేతి నుంచి వెళ్ళేది తినేదో, వాడితే అయిపోయేదో అయ్యుండాలి, అదొక్కటే రూలు. మా పెద్దదాని పుట్టినరోజుకి వచ్చినవాళ్ళకి తాంబూలంతో పాటు ఆత్రేయపురం పూతరేకులు రెండేసి కాగితంలో చుట్టి ఇచ్చాం. డబ్బా ఇవ్వలేదేంటని ఒక్కరూ అడగలేదు, పూతరేకులు ఎక్కడ తెప్పించారని మాత్రం నలుగురు అడిగారు. స్కూల్లో పంచడానికి చాక్లెట్ల బదులు కొబ్బరి లౌజు ఉండలు చేసి స్టీలు డబ్బాలో పంపాను. దీనికి మాత్రం ముందు రోజు టీచరుగారికి ఓ మాట చెప్పి పెట్టుకోండి, కొన్ని స్కూళ్ళలో ఇంట్లో చేసినవి పంచనివ్వరు. ఇక తీసుకునే వైపు, దగ్గరివాళ్ళ దగ్గరైతే "పిన్నీ, డబ్బా వద్దు గానీ ఆ కరివేపాకు మొక్క ఒకటి ఇవ్వండి" అని చనువుగా అడిగేయండి. దూరపువాళ్ళు ఇస్తే నవ్వుతూ తీసుకోండి. ఆ ఒక్క డబ్బా కోసం మొహం మాడ్చుకోవద్దు.

కొనడానికీ అదే క్యాలెండరు పనికొస్తుంది. ఏదైనా కొనాలనిపించినప్పుడు ఆ తేదీ గళ్ళో పేరు రాసి, వచ్చే నెల అదే తేదీ దాకా ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి, ఇంక ఎవరూ అడ్డు చెప్పకూడదు. మా ఆయన ఈ లెక్కన ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక స్మార్ట్ వాచీ రాశారు, వాచీ రాసిన సంగతి నెలకి ఆయనకే గుర్తులేదు. డ్రిల్లింగ్ మిషను కొన్నారు లెండి. ఏడాదిలో రెండుసార్లు వాడారు, ఆ గోడు మళ్ళీ వేరే.

పిల్లల దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. మా పెద్దదానికి ఏడేళ్ళప్పుడు, అది స్కూలుకి వెళ్ళిన టైము చూసి వాడనివని నాకనిపించిన బొమ్మలన్నీ సంచీలో వేసి ఇచ్చేశాను. వాటిలో ఒక చెవిలేని కుందేలు ఉంది. నాకది చెత్త. పిల్ల మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు, తర్వాత చాలా నెలలు ఏ వస్తువు కనబడకపోయినా "నువ్వు ఇచ్చేశావా?" అని నన్నే అడిగేది. పైగా పాత గ్రీటింగ్ కార్డులు, పెన్ను మూతలు కూడా దాచుకోవడం మొదలుపెట్టింది. బలవంతంగా లాక్కుంటే పిల్లలు ఇంకా గట్టిగా పట్టుకుంటారు, మనం కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో ట్రంకుపెట్టె. అందులో ఏముండాలో వాళ్ళిష్టం, మూత పడాలి, అంతే. మూత పడకపోతే ఏది తియ్యాలో వాళ్ళే తేల్చుకుంటారు, నేను వంటింట్లోనే ఉంటాను. "మళ్ళీ అదే గౌనా" అని క్లాసులో ఎవరో అన్నారని పిల్ల ఏడ్చుకుంటూ వచ్చినప్పుడు పర్యావరణం గురించి లెక్చరు ఇవ్వకండి, ఆ క్షణంలో అది చాలా క్రూరంగా ఉంటుంది. ఆ పండక్కి దానికి నచ్చిన కొత్త గౌనే కొన్నాం. ఏడాదికి రెండు జతలు కొత్తవి, మిగతావి అక్కలవి, కజిన్లవి, ఇదీ మా లెక్క.

ఇక వంటింటి చెత్త. తడి చెత్త ఇంట్లోనే ఎరువు చేసుకుంటే చెత్తబండికి ఇచ్చేది బాగా తగ్గిపోతుంది. మెట్ట ప్రాంతాలవాళ్ళు గొయ్యి తవ్వమంటారు, ఆ సలహా మన డెల్టాలో పనికిరాదు, ఇక్కడ కాస్త తవ్వితే నీళ్ళొస్తాయి, ఆగస్టులో అయితే గొయ్యి చిన్న చెరువైపోయి వీధంతా కంపు. బావికి వాడే సిమెంటు వర ఒకటి తెచ్చి పెరట్లో కాస్త మెరక మీద పెట్టండి. అడుగున ఇటుక ముక్కలు, వాటి మీద కొబ్బరి పీచు ఒక పొర. వంటింటి తొక్కలు ఒక గిన్నెడు వేస్తే ఎండుటాకులో, కొబ్బరి పొట్టో రెండు గిన్నెలు వెయ్యండి. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే తప్పుతారు, పొడిది తక్కువ వేస్తారు, కంపు కొడుతుంది, మానేస్తారు. పిడికిట్లో పట్టుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, నీళ్ళు కారాయంటే ఇంకా పొట్టు వెయ్యాలి. వారానికోసారి కర్రతో కలియబెట్టి, వాన పడకుండా పైన రేకు మూసి బరువు పెట్టండి, పందికొక్కులు ఊరుకోవు. రెండు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా మట్టి వాసనతో ఎరువు వస్తుంది. చేపల పొలుసులు, పేగులు మాత్రం వరలో వెయ్యకండి, కొబ్బరి చెట్టు మొదట్లో మూరెడు లోతున పూడ్చండి.

చేపలంటే గుర్తొచ్చింది, చేపలకి వెళ్ళేటప్పుడు మూతగిన్నె పట్టుకెళ్ళండి. మొదట్లో అమ్మేవాళ్ళు నవ్వుతారు, నాలుగో వారానికి గిన్నె చూసే గుర్తుపట్టి చేప కోసి అందులోనే వేస్తారు. వెనకటికి మాంసం తామరాకుల్లో కట్టిచ్చేవారని మావయ్యగారు చెప్తుంటారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాల లాంటివాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు గానీ సంతలో పల్చటి కవరు ఇప్పటికీ అడక్కుండానే చేతిలో పెడతారు.

పిల్లలకి ప్లాస్టిక్ గురించి చెప్పడానికి నాకు దొరికిన మంచి పాఠం మా కాలవే. ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నుంచీ ఈ కాలవల నీళ్ళే మన పొలాలకీ, చాలా ఊళ్ళలో తాగడానికీ. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలవలకి నీళ్ళు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుతారు. కట్టేసిన వారం తర్వాత ఓ సాయంత్రం పిల్లల్ని వంతెన మీదకి తీసుకెళ్ళండి, ఏమీ చెప్పక్కర్లేదు. అడుగున బురదలో కూరుకుపోయిన కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, డైపర్లు, సీసాలు చూసి మా చిన్నాడు "అమ్మా, ఇవే నీళ్ళు మన చెరువులోకి వస్తాయా?" అన్నాడు. ఆ రోజు నుంచి బిస్కెట్ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి తెస్తున్నాడు, జేబులో పెట్టిన లాగూ అలాగే ఉతుకులో వేస్తున్నాడు, అది నా తిప్పలు.

పాత సామాను వదిలించుకోవడానికి మనకి భోగి అని ఒక రోజు పెట్టనే పెట్టారు. డిసెంబరు మొదట్లో పాత సామాన్లవాడికి అమ్మేవి, ఎవరికైనా ఇచ్చేవి, బాగు చేయించేవి వేరు చేసుకుని భోగి ముందు రోజుకల్లా ముగించండి. మంటలోకి మాత్రం చెక్క, పిడకలు, కొబ్బరి మట్టలు, తాటాకులే. ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, పైపుల ముక్కలు వేసి దాని చుట్టూ పిల్లల్ని నిలబెట్టకండి, పీవీసీ పైపు కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. పాత నేత చీరలు నాలుగైదు కలిపి బొంత కుట్టించుకోండి, ఇప్పటికీ కుట్టేవాళ్ళున్నారు, చలికాలం దానికి మించింది లేదు.

కరెంటు గురించి ఒక్క ముక్క. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 34 యూనిట్ల దాకా, 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది) అయితే 13. రోజంతా తిరిగే హాల్లో ఫ్యాను ముందు మార్చండి, మిగతావి పాడయ్యాక చూసుకోవచ్చు.

ఇంకో మాట, ఇది మగవాళ్ళకి. గుడ్డ డైపర్లు, స్టీలు ప్లేట్లు, ఎరువు వర, ఇవన్నీ వినడానికి బావుంటాయి, చాకిరీ మాత్రం ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన పడుతుంది. మా ఇంట్లో ఎవరు కొత్త అలవాటు తెస్తే ఆ పని వాళ్ళే చెయ్యాలి. గుడ్డ డైపర్లు పెడదామన్నది మా ఆయన. చిన్నాడికి ఏడాది నిండేదాకా పొద్దుటిపూట బకెట్టు ఆయనదే.

ఇన్నీ కుదిరాక అప్పుడు అటకెక్కండి, ఇంట్లో పెద్దవాళ్ళని కుర్చీ వేసి కూర్చోబెట్టి వాళ్ళతోనే మొదలుపెట్టండి. రెండోసారి మేం అలాగే చేశాం. అత్తయ్యగారు ఒక్కో స్టీలు కంచం కిటికీ దగ్గర వెలుతురుకి తిప్పి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు వేలితో తడుముతూ, ఇది ఎవరి పెళ్ళిలో ఇచ్చారో, ఆ రోజు వంటలేంటో కూడా చెప్పారు. ఆవిడ ఎందుకు ఇవ్వనివ్వట్లేదో నాకప్పుడు అర్థమైంది. కంచాలు 62, గ్లాసులు 80 దాకా తేలాయి. అమ్మలేదు. రెండు గోనెసంచుల్లో సర్ది వీధరుగు పక్క గదిలో పెట్టి, యాభై మంది లోపు భోజనాలుంటే వీధిలో ఎవరైనా పట్టుకెళ్ళొచ్చని చెప్పాం. అరటాకు వేస్తే మరీ మంచిది, ఆకులు దొరకనప్పుడు, నిలబడి తినే చోట ఇవి.

దీనికి ఒక నోటుపుస్తకం తప్పనిసరి. తేదీ, ఇల్లు, ఎన్ని వెళ్ళాయి, ఎన్ని వచ్చాయి. కడిగి, ఆరబెట్టి తిరిగివ్వాలని ముందే చెప్పండి, మొహమాటపడితే మీరే కడుక్కోవాలి. రాసే బాధ్యత అత్తయ్యగారు తీసుకున్నారు. మొన్న శ్రావణమాసంలో వెళ్ళినవి లెక్కపెడితే సరిగ్గా 62 వచ్చాయి గానీ, ఒక కంచం మీద మా వాళ్ళ పేరు కాకుండా వెనకవీధి వాళ్ళ పేరుంది. వెళ్ళి మార్చుకొస్తానంటే వద్దన్నారు, పుస్తకంలో ఆ వరస పక్కన "మనది వాళ్ళింట్లో ఉంది" అని రాసి మూసేశారు.