బిగుసుకుపోయిన బ్రేక్ డిస్క్ స్క్రూలు తీయడం ఎలా?

చాలా హోండా కార్లలో ముందు చక్రం హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బేరింగు మార్చాలంటే ముందుగా బ్రేక్ డిస్క్ తీయాలి. దాన్ని హబ్‌కు పట్టి ఉంచేవి ప్లస్ గాడి ఉన్న 6 మిల్లీమీటర్ల స్క్రూలు రెండు. వాన నీటికి, బ్రేకు వేడికి అవి తుప్పు పట్టి అతుక్కుపోతాయి. గాడి అరిగి గుండ్రంగా మారిన స్క్రూలతో వచ్చిన కార్లను లెక్కలేనన్ని చూశాను. కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే: చేతికి దొరికిన స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడటం.

బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు వదులు చేయండి. జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. చక్రం, క్యాలిపర్ (డిస్క్‌ను నొక్కి బ్రేకు వేసే భాగం) తీసి, క్యాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయండి.

ఇక స్క్రూల దగ్గర తొందరపడకండి. గాడిలోని మట్టిని సూదితో గీకి శుభ్రం చేయండి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. డిస్క్ మీద నూనె పడితే బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. కిరోసిన్ చాలని కొందరు అంటారు, నేను వాడను. తర్వాత స్క్రూ తల మీద మొద్దు పంచ్ ఆనించి సుత్తితో రెండు దెబ్బలు నేరుగా కొట్టండి. మరలో పట్టుకున్న తుప్పు పగిలేది అప్పుడే. ఈ పని చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకోండి. బిట్ 3వ నంబరుదే కావాలి. 2వ నంబరుది గాడిలో ఆడుతుంది, గాడిని తినేస్తుంది. డ్రైవర్ విప్పే వైపు తిరిగేలా అమరి ఉందో లేదో రెండుసార్లు చూడండి. బిట్‌ను నిటారుగా ఆనించి, పిడిని చేత్తో ఎడమకు బిగించి పట్టుకుని, కిలో బరువున్న సుత్తితో ఒక్క గట్టి దెబ్బ కొట్టండి. చిన్న సుత్తితో పది దెబ్బలు వేస్తే గాడే పోతుంది. బిట్ జారినట్టు అనిపిస్తే వెంటనే ఆపి, మళ్లీ నూనె వేసి ఆగండి. మంట మాత్రం పెట్టకండి, బేరింగు సీలు, గ్రీజు పాడవుతాయి.

గాడి అప్పటికే పోయి ఉంటే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తలను తొలిచేయండి. డిస్క్ బయటకు వచ్చాక మిగిలిన మొండిని వైస్ గ్రిప్‌తో (పట్టు వదలకుండా బిగుసుకునే పట్టుకారు) పట్టి తిప్పవచ్చు.

స్క్రూలు వచ్చినా డిస్క్ కదలకపోతే సుత్తితో బాదకండి. డిస్క్‌లోనే మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డిస్క్ దానంతట అదే బయటకు వస్తుంది.

బిగించేటప్పుడు హబ్ ముఖాన్ని తీగ బ్రష్‌తో రుద్దండి. కొత్త స్క్రూలే వాడండి, మరలకు అతుక్కుపోకుండా ఆపే యాంటీ సీజ్ గ్రీజు పల్చగా రాయండి. బిగింపు 9.8 న్యూటన్ మీటర్లు చాలు. డిస్క్‌ను అసలు అదిమి పట్టేవి చక్రం నట్లు, వాటికి 108 కావాలి.