రోడ్ బైక్ మీద ఆఫీసుకెళ్తున్నారా, ముందు ఇవి కొనండి
హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోడ్ బైక్ మీద, అంటే సన్న టైర్ల సైకిల్ మీద, రోజూ తిరిగేవాళ్లు ఫోన్ హోల్డర్ లాంటివి తర్వాత చూస్కోండి, హెల్మెట్ కొన్నాక మొదటి డబ్బులు లైట్లకే పెట్టండి. వెనక ఎర్ర లైట్ పగలు కూడా వేసే ఉంచండి, ముందుది 400 ల్యూమెన్స్ (వెలుతురు కొలత) ఉంటే వీధిలైట్లు లేని చోట గుంత ముందే కనపడుతుంది, కాకపోతే కాస్త కిందకి వంచి పెట్టండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడకూడదు.

ఇంక పంక్చర్ సంగతి. రోడ్ బైక్ ట్యూబులకి ఎక్కువగా ప్రెస్టా వాల్వే ఉంటుంది, సన్నగా, కొసన చిన్న నట్టుతో, పంక్చర్ షాపులో గాలి పైపు దానికి పట్టదు. ఒకసారి వానలో షాపు ఎదురుగానే ఉన్నా గాలి కొట్టించుకోలేక 3 కిలోమీటర్లు సైకిల్ తోసుకుంటూ వచ్చా, అప్పట్నుంచి షాపు పైపు ఈ వాల్వుకి పట్టేలా చేసే గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద బ్యాగులోనే ఉంటుంది (గాలి కొట్టేముందు ఆ చిన్న నట్టు వదులు చేసి అడాప్టర్ బిగించాలి), దాంతోపాటు స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు టైర్ లివర్లు, మినీ పంపు. ట్యూబు కొనేముందు టైరు పక్కన 700×28 అనో 700×25 అనో సైజు రాసుంటుంది, అది చూసి తీసుకోండి.

చాలా రోడ్ బైకులకి మడ్‌గార్డు బిగించే రంధ్రాలుండవు, క్లిప్ రకం చాలు. తాళం మాత్రం యు-లాక్ (U ఆకారపు గట్టి తాళం), ఫ్రేమూ వెనక చక్రమూ కలిపి కదలని కమ్మీకే వేయండి.