ఏడాదిలో వచ్చిన మార్పులన్నీ కలిసి ఎంత ఒత్తిడి అయ్యాయో లెక్కగట్టడం ఎలా?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతను మనం ఎక్కువగా ఖర్చు గురించే వాడుతుంటాం. నిజానికి అది మనిషి పడే ఒత్తిడికి కూడా సరిపోయే మాట. ఒకే ఏడాదిలో ఉద్యోగ విరమణ చేసి, కూతురి పెళ్లి జరిపించి, అప్పు తెచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి, అన్నీ శుభంగా ముగిశాక నిద్రపట్టక, చిన్న మాటకే కసురుకుంటూ, తనకేమైందో తనకే తెలియక సతమతమవుతాడు. ఏదైనా ఒక పెద్ద కష్టమే దీనికి కారణమై ఉంటుందని వెతుకుతాడు కనుక ఆయనకు కారణం దొరకదు. అక్కడ చూడవలసింది మొత్తాన్ని.

1. గడిచిన పన్నెండు నెలలను కాగితం మీద పెట్టండి

జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా గోడ క్యాలెండరు, బ్యాంకు పాసుపుస్తకం, ఫోనులోని ఫొటోలు ముందు పెట్టుకుని, నెలవారీగా ఇంట్లో, ఉద్యోగంలో, ఆరోగ్యంలో, డబ్బు విషయంలో వచ్చిన ప్రతి మార్పునూ రాయండి. రాశాక ఇంట్లో మరొకరికి చూపండి; మనం మరచిపోయినవి వాళ్లకు గుర్తుంటాయి.

2. శుభకార్యాలను వదిలిపెట్టకండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో 43 జీవిత సంఘటనలతో ఒక కొలమానాన్ని ప్రకటించారు. పెళ్లికి ఒక విలువను ముందుగానే నిర్ణయించి, దానితో పోలిస్తే మిగిలిన ఒక్కొక్క సంఘటన తర్వాత మనిషి ఎంతగా సర్దుకోవలసి వస్తుందో అంచనా వేయమని 394 మందిని అడిగి ఈ పాయింట్లను రాబట్టారు. సంఘటన మంచిదా చెడ్డదా అన్నది వారి ప్రశ్న కాదు, దానికి అలవాటు పడటానికి ఎంత శక్తి ఖర్చవుతుందన్నదే ప్రశ్న. అందుకే ఆ పట్టికలో జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73 ఉన్నట్టే, పెళ్లికి 50, పదవీ విరమణకు 45, చివరికి సెలవులకు వెళ్లి రావడానికి కూడా 13 పాయింట్లు ఉన్నాయి.

3. పాయింట్లు వేసి కూడండి

పైన చెప్పుకున్న ఇంటి పెద్దనే ఉదాహరణగా తీసుకుందాం. పదవీ విరమణకు 45, ఆర్థిక స్థితి మారినందుకు 38, పెద్ద అప్పుకు 31, కూతురు ఇల్లు విడిచి వెళ్లినందుకు 29, జీవన పరిస్థితులు మారినందుకు 25, ఇల్లు మారినందుకు 20 వేస్తే 188 అవుతాయి. అదే ఏడాది తల్లి మంచాన పడితే, కుటుంబసభ్యుల ఆరోగ్యంలో మార్పుకు 44 కలిసి 232. ఆయన నిద్రవేళలు (16), తిండి అలవాట్లు (15), నలుగురితో కలిసే తీరు (18) కూడా మారి ఉంటే మొత్తం 281కి చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటీ 50 దాటలేదన్నది గమనించండి.

ఈ అంకెలు అరవై ఏళ్ల కిందటి అమెరికా జీవితానివి కాబట్టి (క్రిస్మస్‌కు కూడా అందులో 12 పాయింట్లున్నాయి), మన దేశానికి సరిపడేలా గుర్‌మీత్ సింగ్, దల్బీర్ కౌర్, హర్‌సిమ్రన్ కౌర్ 1984లో 51 సంఘటనల పట్టికను ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించారు. అందులో తన పెళ్లికో నిశ్చితార్థానికో 43 పాయింట్లుంటే, కూతురి లేదా తనపై ఆధారపడిన చెల్లెలి పెళ్లి చేయడానికి 49, ఇల్లు కట్టడానికి లేదా పెద్ద వస్తువు కొనడానికి 46 ఉన్నాయి. చేసుకోవడం కంటే చేయించడమే బరువని సామెత ఎప్పుడో చెప్పింది కదా! పంట దెబ్బతింటే 61, అత్తింటివారితో గొడవకు 57, జ్యోతిష్కుడు చెప్పిన జోస్యానికి 52 పాయింట్లుండటం చూస్తే ఆ పట్టిక ఏ ఇళ్లను చూసి తయారైందో అర్థమవుతుంది. అయితే రెండు పట్టికల పాయింట్లనూ కలిపి కూడకూడదు. ఏదో ఒకదాన్నే ఎంచుకోండి.

4. వచ్చిన మొత్తాన్ని జోస్యంగా చదవకండి

అమెరికా పట్టిక ప్రకారం 150 లోపు వస్తే అనారోగ్యం పాలయ్యే ముప్పు తక్కువనీ, 150 నుంచి 299 వరకు మధ్యస్థమనీ, 300 దాటితే ఎక్కువనీ చెబుతారు. రాహే 1970లో ప్రచురించిన అధ్యయనంలో 2,500 మందికి పైగా అమెరికా నౌకాదళ సిబ్బందిని పరిశీలించినప్పుడు, ఈ పాయింట్లకూ తర్వాత వచ్చిన అనారోగ్యానికీ మధ్య సంబంధం ఉన్నట్టు తేలింది గానీ అది చాలా స్వల్పం. కోరుకుని చేసిన బదిలీకీ, బలవంతంగా పడిన బదిలీకీ పట్టికలో తేడా లేదు. ఆదుకునే అన్నదమ్ములున్నవారినీ ఒంటరివారినీ కూడా అది ఒకే కాటాలో తూస్తుంది. కనుక 281 వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమని కాదు. ఈ ఏడాది తన మీద ఎంత పడిందో మనిషి కళ్లారా చూసుకోవడానికి మాత్రమే ఆ అంకె పనికొస్తుంది.

5. ఒంట్లో వచ్చిన మార్పులను తేదీలతో పోల్చండి

అదే కాగితం మీద నిద్ర చెడటం, తలనొప్పి, ఆకలి తగ్గడం, మతిమరుపు, చిరాకు ఎప్పుడు మొదలయ్యాయో రాయండి. అవి సంఘటనలు గుంపుగా వచ్చిన నెలల్లోనే మొదలై ఉంటే సంబంధాన్ని అనుమానించవచ్చు. అలాగని ప్రతి బాధనూ ఒత్తిడి ఖాతాలో వేయడం ప్రమాదకరం: ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నీరసం వదలకపోయినా థైరాయిడ్, షుగర్, బీపీ పరీక్షలు చేయించుకోవాలి. దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబరు 14416కు ఫోను చేయండి. అక్కడ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

6. రాబోయే ఆరు నెలల పనుల్లో వాయిదా వేయగలిగినవి గుర్తించండి

తల్లి అనారోగ్యం మన చేతిలో ఉండదు, కానీ ఇల్లు మారే తేదీ ఉంటుంది. ముహూర్తానికి పాలు పొంగించి గృహప్రవేశం జరిపించి, సామాను మాత్రం మూడు నెలల తర్వాత తరలించుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. కొత్త వ్యాపారం, మరో అప్పు, దూర ప్రయాణం కూడా ఇలాగే వెనక్కి జరపగలిగినవే. వాయిదా వేసిన ప్రతిదాని పక్కన కొత్త తేదీ రాసి, ఆ కాగితాన్ని పంచాంగం పక్కనే ఉంచండి. మరొకరు ఫోను చేసి ఇంకో ముహూర్తం చెప్పినప్పుడు ముందుగా చూడవలసింది దాన్నే.