సన్ ఫొటోమీటర్‌తో గాలిలోని ధూళిని కొలిచే పద్ధతి

పొగ, దుమ్ము సూర్యకాంతిని ఎంతమేర అడ్డుకుంటున్నాయో చెప్పే అంకె ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్, పొట్టిగా ఏఓడీ. సూర్యకాంతి బలాన్ని వోల్టేజిగా చూపే, చేతిలో పట్టుకునే సన్ ఫొటోమీటర్‌తో దాన్ని కొలవడం రెండు నిమిషాల పని. క్యాలిబ్రేషన్ మాత్రం ఓపికతో చేయాలి; అది తప్పితే ఏడాది రీడింగులన్నీ వృథా.

వాతావరణమే లేకపోతే పరికరం ఎన్ని వోల్టులు చూపేదో తేల్చడమే క్యాలిబ్రేషన్. మబ్బు లేని ఉదయం, హార్స్‌లీ కొండల్లాంటి ఎత్తయిన చోటు ఎంచుకోండి. పొద్దు 12 డిగ్రీల ఎత్తు నుంచి 30 డిగ్రీలకు ఎక్కేలోపు ఇరవై రీడింగులైనా తీయాలి. మొదట్లో తొందరతొందరగా తీయండి, ఎయిర్ మాస్ (కాంతి గాలిలో ఎంత దూరం దాటి వస్తోందో చెప్పే అంకె) అప్పుడే వేగంగా తగ్గుతుంది. 1ని సూర్యుడి ఎత్తు కోణపు సైన్‌తో భాగిస్తే వచ్చేదే ఎయిర్ మాస్. దాన్ని అడ్డంగా, వోల్టేజి సహజ సంవర్గమానాన్ని నిలువుగా గ్రాఫు గీసి, ఆ గీతను ఎయిర్ మాస్ సున్నా దాకా పొడిగించండి. అక్కడ గీత నిలువు అక్షాన్ని తాకే విలువే అంతరఖండం, మనకు కావలసిన వోల్టేజి సంవర్గమానం అదే. ఇక్కడొక మోసం ఉంది: పొద్దెక్కేకొద్దీ ధూళి నిదానంగా పెరిగినా చుక్కలు చక్కటి గీత మీదే కూర్చోవచ్చు, అంతరఖండం మాత్రం తప్పు వస్తుంది. అందుకే కనీసం ఐదు ఉదయాల సగటు తీసుకోవాలి. జనవరి మొదట్లో సూర్యుడు దగ్గరగా ఉండి కాంతి సగటు కన్నా 3.4 శాతం ఎక్కువగా అందుతుంది, ఆ సవరణ కూడా చేయండి.

రోజువారీ కొలతలో ముందు రంధ్రం మూసి చీకటి వోల్టేజి రాసుకుని, ప్రతి రీడింగులోంచి తీసేయండి. సూర్యుణ్ణి కంటితో చూడొద్దు. గురి గుర్తు మీద పడే వెలుగు చుక్కతోనే సరిచూసుకోవాలి. నిమిషంలో ఐదు రీడింగులు తీసి అన్నిటికన్నా పెద్దది ఉంచుకోండి, గురి తప్పితే వోల్టేజి తగ్గుతుందే కానీ పెరగదు. పరికరాన్ని ఎండలో వదిలేస్తే వేడెక్కి రీడింగు జారుతుంది.

ఒక లెక్క చూద్దాం. క్యాలిబ్రేషన్ విలువ 1.80 వోల్టులు, రీడింగు 0.72, ఎయిర్ మాస్ 2. రెండు వోల్టేజిల నిష్పత్తి 2.5, దాని సహజ సంవర్గమానం 0.916, ఎయిర్ మాస్ 2తో భాగిస్తే 0.458. ఇందులో గాలి అణువుల వాటా 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సముద్రమట్టంలో 0.143; పీడనం 950 హెక్టోపాస్కల్‌లు ఉంటే 0.134. ఓజోన్‌కు మరో 0.01. మిగిలిన 0.31 ఏఓడీ. క్యాలిబ్రేషన్‌లో 2 శాతం తప్పుంటే ఇక్కడ 0.01, సూర్యుడు నడినెత్తిన ఉంటే 0.02 తేడా వస్తుంది.

అదే సమయంలో 870 నానోమీటర్ల దగ్గర ఏఓడీ 0.16 వచ్చిందనుకోండి. రెండు ఏఓడీల నిష్పత్తి సంవర్గమానాన్ని తరంగదైర్ఘ్యాల నిష్పత్తి సంవర్గమానంతో భాగిస్తే 1.2. అంటే పొగలోని సన్నని కణాల వాటా ఎక్కువన్నమాట. సున్నాకు దగ్గరైతే దుమ్ము, సముద్రపు ఉప్పు. పల్చటి సిర్రస్ మేఘం అడ్డొచ్చినా ఈ అంకె పడిపోతుంది, కాబట్టి రీడింగు పక్కన ఆకాశం ఎలా ఉందో తప్పక రాయండి.

ఏఓడీని నేరుగా పీఎం 2.5గా (మనం పీల్చే గాలిలోని 2.5 మైక్రాన్లలోపు సన్నని కణాల మోతాదుగా) మార్చొద్దు. చలికాలం పొద్దున పొగ నేలకు అంటుకునే ఉంటుంది, పీఎం 2.5 మండిపోతున్నా ఏఓడీ మామూలుగానే కనిపించవచ్చు. వేసవిలో పైన తేలే దుమ్ముతో ఇది తిరగబడుతుంది. తేమ 80 శాతం దాటితే కణాలు నీరు పీల్చి ఉబ్బి ఏఓడీని పెంచుతాయి. అందుకే ప్రతి రీడింగుతో తేమ, నేల దగ్గరి గాలి పైకీ కిందికీ కలిసే పొర ఎత్తు కూడా నమోదు చేసి, పోలికను రుతువు వారీగా విడివిడిగా చేయండి.