చూసింది ఇంట్లోనే ఉండాలి – మూడో పాఠం: మీడియా సర్వర్ బయటికి పంపే డేటాను ఆపడం

మొదటి పాఠంలో స్మార్ట్ టీవీ, రెండో పాఠంలో ఫోనులోని వీడియో యాప్‌లు చూశాం. ఈసారి ఇంట్లో మనమే పెట్టుకునే మీడియా సర్వర్ సంగతి. బెంగళూరులో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇది బాగా పెరిగింది. ఎస్పీ రోడ్డులో ఒక పాత కంప్యూటర్, ఒక పెద్ద హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చి, అందులో ప్లెక్స్ గానీ జెల్లీఫిన్ గానీ, అంటే మన వీడియోల్ని టీవీకి అందించే సాఫ్ట్‌వేర్, వేసి, ఊరి నుంచి తెచ్చిన పాత డీవీడీలు, పెళ్ళి వీడియోలు, పిల్లల అన్నప్రాసన, ఓణీల ఫంక్షన్ అన్నీ ఎక్కించేస్తారు. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి మూడు నెలలు ఉంటే, హాల్లో కూర్చుని రిమోట్‌తో హాయిగా చూసుకుంటారు.

ఫైలు మన డిస్కులోనే ఉంది కాబట్టి ఏం చూస్తున్నామో బయటివాళ్ళకు తెలిసే దారే లేదని అనుకుంటాం. దారి ఉంది. అయితే దాన్ని చాలావరకు మూసేయవచ్చు. ఎలాగో నేర్చుకోవడానికే ఈ పాఠం.

సెట్టింగ్స్ తెరిచే ముందు ఒక ప్రశ్న. రెండో పాఠం చదివి కృష్ణరాజపురం నుంచి ఒకావిడ అడిగారు: ‘పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపేశానండీ. ఇక నేను చూసేది ఎవరికీ తెలియదు కదా?’ తెలుస్తుంది. ఆ స్విచ్ ఆపింది ప్రకటనల్ని మీకు తగ్గట్టు ఎంచడాన్ని మాత్రమే. మీరు చూసినదాన్ని రాసుకోవడం ఆగలేదు. ఈ ధారావాహిక మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే, నేను చెప్పేది ఇదే. ప్రైవసీ పేజీలో కనిపించే స్విచ్‌లు మూడు రకాలు. కొన్ని మీ సమాచారాన్ని తోటి మనుషుల కంట పడకుండా దాస్తాయి, కంపెనీ దగ్గర మాత్రం అది ఉంటుంది. కొన్ని సేకరించిన సమాచారాన్ని ఫలానా పనికి వాడకుండా ఆపుతాయి, సేకరణ మాత్రం సాగుతూనే ఉంటుంది. మూడో రకం అసలు పంపకాన్నే ఆపుతుంది. మనకు కావలసింది ఈ మూడోది. అదే లోపలి మెనూల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇకనుంచి ఏ స్విచ్ కనిపించినా దాని కింద రాసిన వాక్యం పూర్తిగా చదివి, అది ఏ రకమో తేల్చుకున్నాకే చెయ్యి వెయ్యండి.

ఇప్పుడు ప్లెక్స్. 2017 ఆగస్టులో ప్లెక్స్ కంపెనీ కొత్త ప్రైవసీ పాలసీ ప్రకటించింది. సెప్టెంబరు 20 నుంచి అమలు అంది. అందులో, వాడకం సమాచారం పంపకుండా తప్పుకునే వీలును తీసేస్తున్నామని చెప్పింది. సినిమా పేర్లు, ఫైలు పేర్లు తీసుకోం, ఫైలు నిడివి, బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా), రిజల్యూషన్ లాంటి సాంకేతిక వివరాలు మాత్రమే తీసుకుంటాం అన్నది వాళ్ళ మాట. పైకి చూస్తే ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదనిపిస్తుంది.

కొంచెం దగ్గరగా చూడండి. మీ డిస్కులో ఒక సినిమా ఫైలు ఉంది. దాని నిడివి 2 గంటల 41 నిమిషాల 17 సెకన్ల 360 మిల్లీసెకన్లు. బిట్‌రేట్ సెకనుకు ఇన్ని కిలోబిట్లు అని కచ్చితమైన అంకె. ధ్వని ఈ ఫార్మాట్, వెడల్పు ఇన్ని పిక్సెల్స్. పేరు ఎక్కడా లేదు. కానీ ఈ నాలుగు వివరాలూ ఒకేచోట కలిసే ఫైలు ప్రపంచంలో ఇంకొకటి ఉండే అవకాశం చాలా తక్కువ. అదే ఫైలు ఇంకెవరి దగ్గరైనా ఉండి దాని పేరు తెలిస్తే, మీరు చూసిందేమిటో తెలిసిపోయినట్టే. వాడుకరులు సరిగ్గా ఈ మాటే ఎత్తి గట్టిగా అడ్డుపడ్డారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ సీఈవో కీత్ వలోరీ వెనక్కి తగ్గారు. నిడివి, బిట్‌రేట్ లాంటి అంకెల్ని ఫైలు గుర్తుపట్టలేనంతగా గుండ్రం చేస్తామని, ప్లేబ్యాక్ సమాచారం పంపకుండా తప్పుకునే వీలును తిరిగి ఇస్తామని ప్రకటించారు. ఈరోజు మనం మార్చబోయే సెట్టింగ్ ఆ గొడవ వల్ల మిగిలినదే. అడిగితే వస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పేరు తీసేస్తే చాలు అనే నమ్మకం ఎంత బలహీనమో అంతకు ముందే ఒకసారి తేలింది. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టి, దాదాపు 4,80,000 మంది చందాదారులు ఇచ్చిన 10 కోట్ల రేటింగుల్ని పేర్లు తీసేసి బయటపెట్టింది. మద్రాసు ఐఐటీలో చదివి అమెరికా వెళ్ళిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మటికోవ్ అనే మరో పరిశోధకుడితో కలిసి 2008లో ప్రచురించిన పరిశోధనలో ఆ జాబితాను విప్పి చూపించారు. ఒక మనిషి రేటింగ్ ఇచ్చిన 8 సినిమాలు తెలిస్తే చాలు. వాటిలో రెండు పూర్తిగా తప్పైనా, తేదీలు 14 రోజులు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డుల్ని విడిగా గుర్తుపట్టవచ్చని లెక్కతేలింది. ఎనిమిదే సినిమాలు! మనం వేసవి సెలవుల్లో ఒక్క వారంలో చూసేస్తాం. అందుకే ‘అనామకంగా సేకరిస్తాం’ అని రాసి ఉన్నంత మాత్రాన నేను స్విచ్ ఆన్‌లో ఉంచను, మీరూ ఉంచకండి.

ఇక పనిలోకి దిగుదాం. కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయండి. ఫోను యాప్‌లో కొన్ని ఎంపికలు కనిపించవు. వెర్షన్ మారితే పేర్లు కాస్త అటూ ఇటూ అవుతాయి, కంగారు పడొద్దు.

ప్లెక్స్‌లో మార్చాల్సినవి రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి: ఒకటి మీ ఇంట్లోని సర్వర్, రెండోది కంపెనీ దగ్గరున్న మీ ఖాతా. చాలామంది సర్వర్‌లో టిక్ తీసేసి పని అయిపోయిందనుకుంటారు. సర్వర్ సెట్టింగ్స్‌లో జనరల్ విభాగం తెరిచి, షో అడ్వాన్స్‌డ్ నొక్కితే ‘సెండ్ క్రాష్ రిపోర్ట్స్ టు ప్లెక్స్’ అని ఉంటుంది. టిక్ తీసి సేవ్ చేయండి. ఇది సాఫ్ట్‌వేర్ కూలిపోయినప్పుడు వెళ్ళే నివేదికను మాత్రమే ఆపుతుంది. ఏం ప్లే చేశారన్న సమాచారం ఆగాలంటే ప్లెక్స్ సైటులో మీ ఖాతాతో లాగిన్ అయి, ప్రైవసీ ఎంపికల పేజీలో సొంత మీడియా ప్లేబ్యాక్ డేటా పంపాలా వద్దా అన్న చోట ‘వద్దు’ ఎంచుకోవాలి. ఇది మూడో రకం స్విచ్, మనకు కావలసిందే.

అయితే ఇది మీ సొంత ఫైళ్ళకే వర్తిస్తుంది. ప్లెక్స్ తనే ప్రకటనలతో ఉచితంగా చూపించే సినిమాలు, ఛానెళ్ళు వేరే లెక్క. వాటిని ఎవరు ఎంతసేపు చూశారో తెలియకుండా ప్రకటనల వ్యాపారమే నడవదు. అవి మీకు అక్కర్లేకపోతే ఖాతా సెట్టింగ్స్‌లో ‘ఆన్‌లైన్ మీడియా సోర్సెస్’ తెరిచి ఒక్కొక్కటీ డిజేబుల్ చేయండి. హోమ్ స్క్రీన్ కూడా శుభ్రపడుతుంది. అమ్మానాన్నలకు ఏది మన వీడియోనో, ఏది బయటిదో తెలియక పడే తికమకా పోతుంది.

వాచ్ హిస్టరీ ఎవరికి కనిపించాలన్నది ఇంకో ఎంపిక. 2023 నవంబరులో చాలామంది ప్లెక్స్ వాడుకరులకు తమ స్నేహితులు ఆ వారం ఏం చూశారో చెప్పే ఈమెయిళ్ళు వచ్చాయి. తాము చూసినవి అవతలివాళ్ళకు వెళ్ళాయని అప్పుడే తెలిసి ఎంతోమంది తల పట్టుకున్నారు. ఖాతాలో వాచ్ హిస్టరీని ప్రైవేట్ చేయండి. ఇది దాచే రకం స్విచ్ అని మాత్రం మర్చిపోవద్దు. బావగారికి కనిపించకపోవచ్చు, కంపెనీ సర్వర్‌లో అది ఉండడానికి దీనితో సంబంధం లేదు.

కొన్ని ఆగవు. ప్లెక్స్ ఖాతాతో లాగిన్ కావడం, ఆఫీసు నుంచి ఇంటి సర్వర్‌ను వెతికి పట్టుకోవడం కంపెనీ సర్వర్ల ద్వారానే జరుగుతాయి. అందువల్ల మీ ఈమెయిల్, ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే ఐపీ చిరునామా వాళ్ళ దగ్గర ఉంటాయి. 2022 ఆగస్టులో బయటివాళ్ళు ప్లెక్స్ డేటాబేస్‌లోకి చొరబడ్డారు. ఈమెయిళ్ళు, యూజర్ నేమ్‌లు, హ్యాష్ చేసిన, అంటే నేరుగా చదవలేని రూపంలోకి మార్చిన, పాస్‌వర్డ్‌లు వాళ్ళ చేతికి చిక్కాయి. 2025 సెప్టెంబరులో మళ్ళీ అలాంటిదే జరిగింది. మన సమాచారం వాళ్ళ దగ్గర ఎంత తక్కువ ఉంటే అంత మంచిదనేది ఇందుకే. పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది పెట్టుకోండి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి.

ఇప్పుడు పెళ్ళి వీడియోల సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. సినిమా పోస్టరు, నటీనటుల పేర్లు తెర మీదికి రావాలంటే సర్వర్ ఆ సినిమా పేరుతో బయట అడగాల్సిందే. సినిమాకు సరే. కానీ ‘అమ్మ కంటి ఆపరేషన్ తర్వాత 2023’ అని పేరు పెట్టిన ఫైలును సినిమాల లైబ్రరీలో పడేస్తే, సర్వర్ దాన్ని కూడా సినిమా అనుకుని ఆ పేరుతోనే బయట వెతుకుతుంది. కుటుంబ వీడియోలను ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లో పెట్టి, వేరే లైబ్రరీ చేయండి. ప్లెక్స్‌లో అయితే ‘అదర్ వీడియోస్’ రకం, ఏజెంట్‌గా (వీడియో వివరాలు తెచ్చే భాగం) ‘పర్సనల్ మీడియా’ ఎంచుకోండి. జెల్లీఫిన్‌లో ‘హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్’ రకం. రెండు నిమిషాల పని, ఈరోజే చేయండి.

జెల్లీఫిన్ వాడేవాళ్ళకు చెప్పాల్సింది తక్కువ. 2018 డిసెంబరులో, ఎంబీ అనే సర్వర్ తన సోర్స్ కోడ్‌ను మూసేసినప్పుడు, దాని నుంచి వేరుపడి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నది ఇది. కేంద్ర ఖాతా లేదు, వాడకం సమాచారం పంపే కోడ్ లేదు. అలాగని అది బయటితో మాట్లాడదని కాదు. పోస్టర్ల కోసం సినిమాల వివరాలుండే టీఎండీబీ లాంటి సైట్లకు మీ ఇంటి ఐపీ నుంచి నేరుగా వెళ్తుంది. అది కూడా వద్దనుకుంటే డ్యాష్‌బోర్డులో లైబ్రరీస్‌కి వెళ్ళి, ఆ లైబ్రరీ మేనేజ్ చేసే చోట మెటాడేటా (పోస్టరు, పేర్ల లాంటి వివరాలు) డౌన్‌లోడర్స్ అన్నిటికీ టిక్ తీసేయండి. కొత్తగా సర్వర్ పెట్టుకునేవాళ్ళు ఎవరడిగినా నేను జెల్లీఫినే చెబుతాను. ప్లెక్స్‌లో సౌకర్యం ఎక్కువే, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఆపాల్సిన స్విచ్‌లే తక్కువ. సర్వర్ గొడవ లేకుండా ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసేవాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో ‘అలో మెటాడేటా నెట్‌వర్క్ యాక్సెస్’ టిక్ తీస్తే చాలు.

సర్వర్ అయింది, ఖాతా అయింది. మిగిలింది టీవీకి గుచ్చిన, ఫైర్ టీవీ లాంటి స్టిక్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. సర్వర్ ఎంత శుభ్రంగా ఉన్నా, మీరు ఏ యాప్ ఎన్నిసార్లు తెరిచారో, ఎంతసేపు వాడారో స్టిక్ తన కంపెనీకి చెప్పగలదు. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, ప్రైవసీ సెట్టింగ్స్‌కి వెళ్ళి డివైస్ యూసేజ్ డేటా, యాప్ యూసేజ్ డేటా సేకరణ రెండూ ఆపండి. అక్కడే ఉన్న ఇంటరెస్ట్ బేస్డ్ యాడ్స్ రెండో రకం స్విచ్, అదీ ఆపండి, కానీ దానితో సరిపెట్టుకోవద్దు. గూగుల్ టీవీ అయితే ప్రైవసీలో యూసేజ్ అండ్ డయాగ్నస్టిక్స్. టీవీ సంగతి మొదటి పాఠంలో చేసే ఉంటారు. చేయకపోతే ఇప్పుడు చేయండి. లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ పరిశోధకులు 2024లో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించినప్పుడు, హెచ్‌డీఎంఐ కేబుల్ పోర్టులో బయటి పరికరం నుంచి వచ్చే చిత్రాన్ని కూడా టీవీ గుర్తుపట్టే పని చేస్తోందని తేలింది. అంటే మీ సర్వర్ నుంచి స్టిక్ ద్వారా వచ్చే సినిమా కూడా ఆ లెక్కలోకి వస్తుంది. మంచి కబురు కూడా అదే పరిశోధనలో ఉంది: సెట్టింగ్స్‌లో ఆపేస్తే ఆ పంపకం నిజంగానే ఆగింది.

చట్టం సంగతి కొంచెం. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది 2017 ఆగస్టు 24న, ప్లెక్స్ వెనక్కి తగ్గిన ఆ నెలలోనే. ఆ కేసు వేసిన కె.ఎస్.పుట్టస్వామి బెంగళూరులో ఉండేవారు, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి. ఆధార్ మీద 2012లో, ఎనభై ఆరేళ్ళ వయసులో కోర్టుకెక్కారు. మనం రోజూ తిరిగే ఈ ఊరి నుంచి ఒక పెద్దాయన ఆ హక్కు తెచ్చిపెట్టారంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ తర్వాత 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలికగా ఉండాలంటుంది. నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు మొదలవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు ముగిసేదాకా మన స్విచ్‌లు మనమే ఆపుకోవాలి.

ఈ వారం ఇంటిపని. పైన చెప్పినవన్నీ మార్చాక సర్వర్‌నూ స్టిక్‌నూ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. తర్వాత ప్రతి సెట్టింగ్ పేజీ ఇంకోసారి తెరిచి, మీరు పెట్టినట్టే ఉందో లేదో చూడండి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇలాగే చూసుకోవాలి. ఒక కాగితం మీద స్విచ్ పేరు, అది మూడు రకాల్లో ఏదో రాసుకోండి. ఏ రకమో తేలనివి విడిగా రాయండి, నాలుగో పాఠంలో వాటిని పరీక్షిస్తాం. ఒక వీడియో ప్లే చేసి, అదే నిమిషంలో ఇంట్లోంచి ఏ ఏ చిరునామాలకు అడుగులు పడ్డాయో రౌటర్ దగ్గర కూర్చుని చూడబోతున్నాం. దానికి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. చాలా రౌటర్లకు అది అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లేకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేసి వచ్చే ఆదివారం లోపు తెప్పించుకోండి.