చెరువులో వదిలిన రవ్వ, బొచ్చె: గాలంతో పట్టే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో గాలానికి పడే రవ్వ (రోహు), బొచ్చె (కట్ల) దాదాపు అన్నీ హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే కేంద్రంలో పుట్టినవే. ఇవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వానాకాలపు ఏటి వరద కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి ఈ కార్పు జాతి చేపలతో గుడ్లు పెట్టించేదాకా ఎక్కువగా నదుల్లో ఏరి తెచ్చిన పిల్లలే దిక్కు. కాబట్టి కట్ట ఎక్కగానే మొదట తెలుసుకోవాల్సింది: ఇందులో పిల్లల్ని ఎప్పుడు వదిలారు, ఏ సైజువి?

చెప్పగలిగేది ఆ ఊరి మత్స్య సహకార సంఘం వాళ్లు. చెరువులో చేప మీద హక్కు కూడా వాళ్లదే, అడగకుండా గాలం వేస్తే గొడవ మనదే. 2016-17 నుంచి తెలంగాణలో ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న పిల్లలు రెండు సైజులు. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, ఏడాది పొడవునా నీళ్లుండే వాటికి, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్లవి. మేత బాగుంటే ఏడాదికి కిలోకి అటూ ఇటూ వస్తుంది. ఎండే చెరువును సంఘం వాళ్లు వేసవిలో వలతో ఊడ్చేస్తారు, అక్కడ పెద్ద చేప కోసం కూర్చోవడం దండగ. రెండు మూడేళ్లుగా ఎండని చెరువును వెతకండి. వల తప్పించుకున్న నాలుగైదు కిలోల బొచ్చెలు అలాంటి చోటే ఉంటాయి.

అమెరికా పడమటి నదుల్లో హేచరీ స్టీల్‌హెడ్‌కి (సముద్రానికి వెళ్లొచ్చే ట్రౌట్ చేప) వీపు వెనకాల ఉండే చిన్న రెక్క కత్తిరించి వదులుతారు, పట్టినవాడికి ఏది ఉంచుకోవచ్చో చూడగానే తెలుస్తుంది. మన దగ్గర ఆ గుర్తు లేదు. అర కిలో లోపుది పడితే వదిలేయండి, అది ఈమధ్య వదిలిన పిల్లే అయ్యుంటుంది.

సామాను

9 లేదా 10 అడుగుల రాడ్, 4000 సైజు రీలు, 0.30 మిల్లీమీటర్ల తంగూసు. అంతకంటే లావు వేస్తే దూరం పోదు, సన్నం వేస్తే తూటికాడ పొదల్లో తెగుతుంది. గాలం రవ్వకు 8 నంబరు, బొచ్చెకు 6 నంబరు. పిండి ముద్ద పట్టించే తీగచుట్టే స్ప్రింగు, అది తంగూసు మీద జారేలా ఉండాలి, దాని కింద పూస, స్వివెల్ (మెలిపడకుండా తిరిగే కొక్కెం), ఆపైన నాలుగైదు అంగుళాల అల్లిక దారం, గాలం. ఈ దారం అసలు తంగూసు కంటే బలహీనంగా ఉండాలి. అప్పుడు తెగితే గాలం దగ్గరే తెగుతుంది, చేప స్ప్రింగును ఈడ్చుకుంటూ తిరగదు. దుకాణాల్లో నాలుగైదు గాలాలు కట్టి అమ్మే స్ప్రింగులు కొనకండి. ఒకటి నోట్లో గుచ్చుకుంటే మిగతావి చేప పొట్టకో, మీ చేతికో, వలకో తగులుకుంటాయి. రెండు చాలు.

డ్రాగ్ అంటే రీలులో తంగూసును అదుపు చేసే బ్రేకు, దాని బిగింపును చేత్తో లాగి అంచనా వేయొద్దు. స్ప్రింగు కాటాకు తంగూసు కట్టి రాడ్ వంచి లాగండి, కిలోన్నర దగ్గర రీలు తిరగాలి. చేప తెగ్గొట్టుకుపోయిందని వాపోయేవాళ్లలో సగం మంది డ్రాగ్ బిగించి మరిచిపోయినవాళ్లే.

పిండి

పని అంతా ఇక్కడే ఉంది. పల్లి చెక్క పొడి అర కిలో, తవుడు అర కిలో, పుట్నాల పొడి 200 గ్రాములు, బెల్లం 50 గ్రాములు, వేయించిన మెంతి పొడి ఒక చెంచా. చెక్కను దంచి జల్లెడ పట్టండి, రాళ్లలాంటి ముక్కలుంటే ముద్ద నిలవదు. బెల్లం కరిగించిన చెరువు నీళ్లే కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. కలిపాక పావుగంట ఆగాలి. చెక్క నీళ్లు ఆలస్యంగా పీలుస్తుంది, అప్పటిదాకా సరిగ్గా ఉన్నట్టు కనబడ్డ పిండి పొడిబారిపోతుంది. అప్పుడు ఇంకాస్త తడపండి.

ఇక పరీక్ష. బకెట్లో నీళ్లు పోసి, నిమ్మకాయంత ముద్ద స్ప్రింగుకు పట్టించి వదలండి. రవ్వ అడుగునా నడిమి నీటిలోనూ తింటుంది. దానికి ముద్ద పది నిమిషాలపాటు అంచుల నుంచి రాలుతూ ఉండాలి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలో తేలే సన్నటి పదార్థాన్ని జల్లించుకుని తింటుంది. దానికి నాలుగైదు నిమిషాల్లో విచ్చుకుని మబ్బులా లేవాలి, అందుకు తవుడు పాలు పెంచండి. పావుగంటైనా ముద్ద అలాగే కూర్చుంటే చేయి గట్టిగా నొక్కేసిందన్నమాట. పడీపడగానే చెదిరిపోతే నీళ్లు తక్కువయ్యాయి.

జిలేబి చేపలు (తిలాపియా) ఎక్కువున్న చెరువులో ఈ పిండి రెండు నిమిషాలు ఆగదు. తంగూసుకు కట్టిన బెండు టకటకా ఆడుతూనే ఉంటుంది గానీ ఏదీ పడదు. అప్పుడు గాలానికి ఉడకబెట్టిన మక్క గింజలు రెండు గుచ్చండి, ఎర్రలు మాత్రం పెట్టకండి.

చోటు, విసురు

గాలి ఏ కట్టకు కొడుతుందో ఆ వైపు కూర్చోండి, సూక్ష్మ మేత అటే కొట్టుకొస్తుంది. ఎదురుగాలికి విసరడం కష్టమే, అయినా బొచ్చె అక్కడే ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది అడుగుల లోతు వెతకండి. తూము ముందు, పాత వాగు జాడ అంచున చేప నిలుస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ గుటకలేస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. ఆ పూట ఏ ఎరా ముట్టవు, ఎండ ఎక్కేదాకా టీ తాగండి.

మొదట ఏడెనిమిది ముద్దలు గాలం లేకుండా ఒకే చోట వేయండి. ఆ తర్వాత ప్రతిసారీ అక్కడే పడాలంటే తంగూసును స్పూలు పక్కనున్న క్లిప్పులో ఇరికించి విసరాలి. పడ్డ వెంటనే క్లిప్పులోంచి తీసేయండి. మరిచిపోతే పెద్ద చేప లాగిన మొదటి లాగుకే పుటుక్కు. ఇరవై నిమిషాలకోసారి తాజా ముద్ద పట్టించాలి.

రవ్వ రెండు మూడు సార్లు తట్టి లాక్కుపోతుంది. బొచ్చె పట్టినప్పుడు తంగూసు వదులవుతుంది, బెండు పైకి లేచి పక్కకు పడుకుంటుంది. కొత్తవాళ్లు గాలికనుకుని చూస్తూ కూర్చుంటారు. అప్పుడే రాడ్ పక్కకు ఓ మాదిరిగా ఎత్తండి. బలంగా గుంజితే పెదవి చిరిగి చేప పోతుంది. గుచ్చుకున్నాక రాడ్ నిలువుగా పట్టి దాన్ని పరుగెత్తనివ్వండి, అలిసి పక్కకు ఒరిగాక చేతి వలలోకి తీయండి. ఒడ్డుకు ఈడ్చకండి.

వదిలేదైతే చేతులు తడుపుకుని, తడిపిన గోనె మీద పెట్టి గాలం తీయాలి. పొడి చేత్తో పడితే పొలుసు మీది జిగురు పోయి, అక్కడ పుండు పడుతుంది. ఉంచుకునేదాన్ని సంఘం వాళ్ల దగ్గర తూకం వేయించి డబ్బు కట్టండి. తెగిన తంగూసు ముక్కలు జేబులో వేసుకుని తీసుకెళ్లండి, కట్ట మీద వదిలితే కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.